మైకు వదిలి కాక్‌పిట్‌లోకి: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

బ్రిటిష్ రాక్ బృందం ఐరన్ మెయిడెన్ గాయకుడు, ఎయిర్‌లైన్ పైలట్‌గానూ పనిచేసిన బ్రూస్ డికిన్సన్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది, చదివించే గుణం ఉంది. అయితే పాట పాడేవాడు విమానం నడపడమా అన్న ఆశ్చర్యం పేజీకి రెండుసార్లు వచ్చింది. ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో మాత్రం ఎక్కడా రాలేదు. ఆశ్చర్యం మొదటి పేరాతో అయిపోతుంది. ఆ తర్వాత పాఠకుణ్ణి నిలబెట్టేది రెండు వృత్తులూ ఒకదానితో ఒకటి ఒరుసుకునే చోటే. నీ వ్యాసాన్ని అక్కణ్ణుంచి మళ్ళీ రాయమని అడుగుతున్నాను.

ముందు లైసెన్సులు విడదీసుకో. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు ఐరోపాలో కనీసం 45 గంటలు ఎగిరితే చాలు. దానితో జీతం తీసుకుని ఎగరకూడదు. కమర్షియల్ లైసెన్సుకు మన దేశంలో 200 గంటలు కావాలి. ఎయిర్‌లైన్ కెప్టెన్ కావాలంటే 1500 గంటల మీద వచ్చే లైసెన్సు ఉండాలి. వీటికి తోడు విమానం రకాన్ని బట్టి టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపే అర్హత, విడిగా ఉంటుంది. బోయింగ్ 757కీ 767కీ ఒకటే రేటింగ్ సరిపోతుంది, 747కి మళ్ళీ విడిగా శిక్షణ పొందాలి. ఈ తేడాలు తెలియకపోతే అందర్నీ "పైలట్" అన్న ఒక్క మాటలో కలిపేస్తావు. ఆఫ్‌స్ప్రింగ్ అనే రాక్ బృందం గాయకుడు డెక్స్టర్ హాలండ్ ఒంటరిగా 10 రోజుల్లో ప్రపంచం చుట్టొచ్చాడు. అది సాహసమే కానీ కొలువు కాదు. గిటారిస్టు స్టీవ్ మోర్స్ 1980ల చివర్లో కొంతకాలం ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా పనిచేశాడు, అది కొలువు. బ్రిటిష్ గాయకుడు గ్యారీ న్యూమన్‌ది ఇంకో దారి: హార్వర్డ్ అనే పాత శిక్షణ విమానంతో ఎయిర్ షోలలో విన్యాసాలు చేశాడు. 1981లో అతను మొదటిసారి ప్రపంచం చుట్టి రాబోతే ఆ ప్రయాణం మన దేశంలోనే ఆగిపోయింది. గూఢచర్యం, స్మగ్లింగ్ అనుమానాల మీద ఇక్కడ అదుపులోకి తీసుకున్నారు. ఆ ఏటి తెలుగు దినపత్రికల పాత సంచికలు గ్రంథాలయంలో దొరికితే తిరగెయ్యి, నీకు అదే వేరే వ్యాసమవుతుంది.

ఇప్పుడు చెవి సంగతి. నీ వ్యాసంలో దీని ఊసే లేదు, నా దృష్టిలో మొత్తం విషయానికి గుండెకాయ ఇదే. కమర్షియల్ పైలట్‌కు క్లాస్ 1 వైద్య ధ్రువపత్రం తప్పనిసరి. ఐరోపా ప్రమాణాల ప్రకారం అది మొదటిసారి ఇచ్చేటప్పుడు ఏ చెవికి ఆ చెవిని విడిగా పరీక్షిస్తారు. 500, 1000, 2000 హెర్ట్జ్ (శబ్దం ఎంత సన్నగా ఉందో చెప్పే కొలత) దగ్గర వినికిడి లోపం 35 డెసిబెల్స్ దాటకూడదు, 3000 దగ్గర 50 దాటకూడదు. పెద్ద శబ్దం చెవిలో ముందుగా దెబ్బతీసేది 3000, 6000 హెర్ట్జ్ మధ్య భాగాన్ని, అందులోనూ ఎక్కువగా 4000 చుట్టుపక్కల. అంటే డ్రమ్ముల పక్కన ఏళ్ళ తరబడి నిలబడ్డ మనిషికి పరీక్ష గట్టెక్కినా అప్పటికే నష్టం మొదలై ఉండవచ్చు. స, ష, ఫ లాంటి హల్లులను పట్టిచ్చేది ఈ పై స్థాయి శబ్దాలే. గాలి హోరులో రేడియో మాట వినేటప్పుడు తడబాటు వచ్చేదీ అక్కడే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. రాక్ కచేరీ రెండు గంటలు సాగుతుంది. పాడేవాడికి తన పాట వినిపించేందుకు చెవిలో పెట్టుకునే మానిటర్లు బయటి శబ్దాన్ని తగ్గిస్తాయి గానీ, లోపలి వాల్యూమ్ పెంచుకుంటే వాటి ప్రయోజనం పోతుంది. ఈ లెక్క ఒక్కటి వేసి చూపిస్తే, స్టేజీ మీది పని కాక్‌పిట్ ఉద్యోగాన్ని ఎలా తినేయగలదో పాఠకుడికి నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

డికిన్సన్‌కు నాలుక దగ్గర వచ్చిన క్యాన్సర్‌ను నువ్వు విషాద ఘట్టంగా రాశావు. 2015లో చికిత్స పూర్తయింది, 2016లో బృందం పర్యటనలో 747 నడిపాడు. పెద్ద జబ్బు చేస్తే వైద్య ధ్రువపత్రం ఆగిపోతుంది, వైద్యులు మళ్ళీ పరీక్షించి అర్హత తేల్చాలి. ఒక రోగి కోలుకోవడానికీ ఒక కెప్టెన్ తన సీటుకు తిరిగి రావడానికీ మధ్య ఉన్న దూరం అది. నీ పేరాలో ఆ దూరం కనిపించాలి.

"రాత్రంతా పాడి, తెల్లారి విమానమెక్కి నడిపాడు" అన్న వాక్యం కొట్టెయ్యి. ఐరోపాలో ఒక పైలట్ 28 రోజుల్లో 100 గంటలు, ఏడాదిలో 900 గంటలు మించి ఎగరకూడదు. అలసటగా ఉందని తెలిసీ డ్యూటీకి రావడమే నిబంధనలకు విరుద్ధం. బ్రిటన్‌లో పైలట్ రక్తంలో మద్యం పరిమితి 100 మిల్లీలీటర్లకు 20 మిల్లీగ్రాములు. ఇంగ్లండ్‌లో కారు నడిపేవాడికి అది 80. పైగా గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండకపోతే ప్రయాణికులను తీసుకెళ్ళే అర్హత ఆగుతుంది, సిమ్యులేటర్‌లోనైనా (కాక్‌పిట్‌ను పోలిన శిక్షణ యంత్రం) వాటిని పూర్తిచేయాలి. ఆల్బమ్ రికార్డింగుకని నాలుగు నెలలు స్టూడియోలో కూర్చున్న గాయకుడికి ఈ నిబంధన ఎలా తగులుతుందో ఊహించు.

ఇక "సొంత విమానం" అన్నావు. కాదమ్మా. 2008లో ఐరన్ మెయిడెన్ ప్రపంచ పర్యటనకు వాడిన 757 ఆస్ట్రియస్ ఎయిర్‌లైన్స్‌ది. డికిన్సన్ అప్పట్లో ఆ సంస్థలో జీతానికి పనిచేసే కెప్టెన్. 2016లో వాడిన 747 ఎయిర్ అట్లాంటా ఐస్‌లాండిక్ నుంచి అద్దెకు తెచ్చినది. 757లో వెనక సీట్లు తీసేసి దాదాపు 12 టన్నుల స్టేజీ సామాను ఎక్కించారు. 2008 ఫిబ్రవరి 1న ముంబయిలో మొదలై 45 రోజుల్లో 23 కచేరీలు జరిగాయి. సామాను వెంటే ఉండబట్టి అంత దగ్గర దగ్గర తేదీలు పెట్టగలిగారు. ఇక్కడ ఒక పేరా ఆగి రాయి. సీట్లు పీకేస్తే సరిపోదు. నేల ఎంత బరువు మోస్తుందో చూడాలి, సరుకు కదలకుండా కట్టాలి, పొగ ప్రయాణికుల వైపు రాకుండా అడ్డు ఉండాలి, ఆ మార్పులన్నిటికీ విమానయాన శాఖ అనుమతి కావాలి. బరువు తోకవైపు ఎక్కువైతే గరిమనాభి వెనక్కి జరుగుతుంది, విమానం స్థిరత్వం తగ్గుతుంది. ఎక్కడ ఎంత బరువుందో చూపే లోడ్ షీటును కెప్టెన్ చూసి సంతకం పెట్టేది ఇందుకే. "స్టేజీ మీద గర్జించిన కంఠమే మేఘాలను చీల్చింది" అని రాసిన చోట ఆ లోడ్ షీటును పెట్టు.

2016 మార్చి 12న శాంటియాగోలో జరిగినదాన్ని "డికిన్సన్ విమానానికి ప్రమాదం" అని రాశావు. ఇది అన్యాయం. ఇంధనం కోసం ఆ 747ను టగ్‌తో (నేల మీద విమానాన్ని లాగే బండి) లాక్కెళ్తుండగా, టగ్‌నూ విమానాన్నీ కలిపే భాగంలోని స్టీరింగ్ పిన్ ఊడిపోయినట్టుందని బృందం ప్రకటించింది. లాగేటప్పుడు ముందు చక్రాన్ని తిప్పేది టగ్, కాక్‌పిట్ కాదు. ఆ పట్టు పోయాక మలుపులో విమానం వెళ్ళి టగ్‌ను గుద్దింది. రెండు ఇంజిన్లు, కింది చక్రాల భాగం దెబ్బతిన్నాయి, టగ్ సిబ్బంది ఇద్దరు గాయపడ్డారు. గాయపడ్డవాళ్ళను నువ్వు వదిలేశావు. వాళ్ళను మొదటి వాక్యంలోకి తీసుకురా.

కచేరీకి సంబంధం లేని ప్రయాణాలకు చోటు పెంచు. 2006లో లెబనాన్ యుద్ధ సమయంలో అక్కడ చిక్కుకున్న బ్రిటిష్ పౌరులను డికిన్సన్ వెనక్కి తెచ్చాడు. 2008లో ఎక్స్‌ఎల్ అనే బ్రిటిష్ విమాన సంస్థ దివాలా తీసినప్పుడు ఈజిప్టులో నిలిచిపోయిన విహారయాత్రికులను ఇంటికి చేర్చాడు. ఆ ప్రయాణికులకు కావలసింది ఇల్లు చేరడం, నడిపేవాడు ఎవరన్నది కాదు. రెండో వృత్తి గౌరవం నాకు అక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

మళ్ళీ రాసే ముందు ఒకసారి బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీకి వెళ్ళు. డికిన్సన్ గురించి అడగకు. పైలట్ ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్కులో ఏ గడిలో ఏం రాస్తారు, వైద్య పరీక్షలో ఎక్కువమంది ఎక్కడ ఆగిపోతారు, 90 రోజుల నిబంధన తప్పినవాళ్ళు ఏం చేస్తారు, ఈ మూడూ అడిగి రాసుకో. గంటల లెక్కలు, తేదీలు రెండు చోట్ల సరిచూసుకుని, సరిపోలనివి తీసేసి పంపు.

ఆశీస్సులతో.