కలిపిన ఇంజెక్షన్ మందు ఫ్రీజర్‌లో పెడితే ఎక్కువ రోజులు నిలుస్తుందా?

మీరు అడిగింది పెప్టైడ్ (అమైనో ఆమ్లాలు గొలుసులా అల్లుకున్న మందు) ఇంజెక్షన్ సీసాలు, అంటే పొడిలో నీళ్లు కలిపి వేసుకునేవి, ఇంట్లో ఎలా దాచుకోవాలి, ఫ్రిజ్ కన్నా ఫ్రీజర్ మేలు కాదా అని. ఒక సీసా రెండు రోజులుగా ఫ్రీజర్‌లోనే ఉందని కూడా రాశారు. అది చదవగానే మా ఇంట్లో జరిగింది గుర్తొచ్చి ఇది రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. మా అమ్మ ఇన్సులిన్ వ్యవహారం పదకొండేళ్లుగా చూస్తున్నవాణ్ణి, అంతే. సీసాలు తేవడం, దాచడం నా పని. సూది ఆవిడే వేసుకుంటుంది. ఇన్సులిన్ కూడా మీరంటున్న పెప్టైడ్ల కోవలోదే. రెండు గొలుసులు, రెండిట్లో కలిపి 51 అమైనో ఆమ్లాలు. ఆ గొలుసుల మడతలు చెదిరితే సీసాలో మందున్నా లేనట్టే.

పాత ఫ్రిజ్ పాడై కొత్తది కొన్నాం. తలుపు అరలో పెడితే తీసిన ప్రతిసారీ వేడిగాలి తగులుతుందని ఎక్కడో చదివాను. తెలివి చూపించి నాలుగు సీసాలూ పై అరలో బాగా లోపలికి, వెనక గోడకి ఆనించి పెట్టాను. వారం తిరక్కుండా అమ్మకి పరగడుపు షుగర్ 260, మర్నాడు 290, ఆ మర్నాడు 310. అంతకు ముందు 140 దాటేది కాదు.

"అమ్మా, నిజం చెప్పు, ఏం తింటున్నావు?" అన్నాను.

"ఏమీ తినలేదురా" అంది.

నమ్మలేదు. వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి చూశాను. ఆవిడ ముందే చూశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

డాక్టరుకి ఫోన్ చేస్తే మోతాదు కొంచెం పెంచుదాం అన్నారు. ఆ సాయంత్రం సూది నేనే వేద్దామని సీసా తీసి అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాను. అమ్మది తెల్లగా ఉండే రకం, దొర్లిస్తే అంతా ఒకే చిక్కదనంతో కలిసిపోవాలి. కలవలేదు. సన్నటి ఇసుకలాంటి పలుకులు అడుగున తిరుగుతున్నాయి. గాజు లోపలివైపు మంచు పట్టినట్టు తెల్లటి పొర అంటుకుని ఉంది.

"ఇదెప్పట్నుంచి ఇలా ఉంది?"

"మొన్నొకరోజు గడ్డకట్టి ఉంది. కాసేపు బయట పెడితే కరిగిందిగా, వేసుకున్నా. నీకు చెబితే సీసా పాడుచేశానని అరుస్తావని చెప్పలేదు."

పాడుచేసింది నేను, తిట్లు తిన్నది ఆవిడ. వెంటనే డాక్టరుకి మళ్లీ ఫోన్ చేశాను. ఆయన పాత మోతాదే ఉంచి కొత్త సీసా తెమ్మన్నారు. పెంచిన మోతాదుతో మంచి సీసా మొదలుపెట్టి ఉంటే షుగర్ ఎంత కిందికి పోయేదో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత ఒక థర్మామీటరు కొన్నాను, రోజంతటిలో అతి తక్కువ, అతి ఎక్కువ చూపించే రకం. వెనక గోడ దగ్గర రాత్రిపూట మైనస్ 1 డిగ్రీ. మధ్య అరలో ముందువైపు 4, 5. ఒకే ఫ్రిజ్! తెరవని సీసాకి కావాల్సింది 2 నుంచి 8. కాబట్టి మధ్య అర, ఒక డబ్బాలో, అట్టపెట్టెతో సహా, గోడకి తగలకుండా.

నా గట్టి అభిప్రాయం ఒకటి చెబుతాను, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. జనం వేడికి భయపడినంతలో పదో వంతు కూడా గడ్డకట్టడానికి భయపడరు. 2021లో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే వైద్య సేవా సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి ఒక పరిశోధన ప్రచురించాయి. తెరిచిన ఇన్సులిన్ 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగే వేడిలో నాలుగు వారాలున్నా బలం తగ్గలేదని తేలింది. అలాగని ఎండలో నిలిపిన కారులో వదిలేయమని కాదు. చాలా రకాల ఇన్సులిన్ తెరిచాక 30 డిగ్రీల లోపు 28 రోజులు బయటే ఉండొచ్చు. మిగతా పెప్టైడ్ మందుల లెక్క వేరు, తెరిచాక కూడా ఫ్రిజ్‌లోనే ఉండాల్సినవి ఉన్నాయి. మీ మందు గడువు దాని కాగితం మీదే చూడండి. ఆ కాగితం మీద అక్షరాలు చీమ కాళ్లంత ఉంటాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. మందు మనిషి ప్రాణానికి సంబంధించింది, అక్షరం మాత్రం భూతద్దానికి సంబంధించింది!

గడ్డకట్టి కరిగిన మందు ఎందుకు పనికిరాదంటే, మంచు పలుకులు ఏర్పడేటప్పుడు మందు అణువులు ఒకచోటికి నెట్టుకుపోయి ఉండకడతాయి. కరిగినా ఆ ఉండలు విడిపోవు. మాకు పలుకులు కనిపించాయి కాబట్టి దొరికిపోయింది. నీళ్లలా తేటగా ఉండే రకమైతే చెడిపోయాక కూడా తేటగానే కనిపించొచ్చు. గట్టిగా కుదిపినా ఇదే గొడవ. పొడి మందులో నీళ్లు కలిపేటప్పుడు గాజు గోడ వెంట మెల్లగా జారనిచ్చి, సీసాని గుండ్రంగా తిప్పాలి తప్ప నురగ వచ్చేలా ఊపకూడదు. కలిపే నీళ్లు కూడా ఆ మందుకి చెప్పినవే.

పొడిగా ఉన్నప్పుడు కొన్నిటిని ఫ్రీజర్‌లో పెట్టేమాట నిజమే, బహుశా మీరు విన్నది అదే. కలిపాక అది వర్తించదు. ఇంకో మాట, "పరిశోధనకు మాత్రమే" అని రాసి ఇంటర్నెట్‌లో అమ్మే పొడి సీసాల గురించి ఈమధ్య తెగ అడుగుతున్నారు. మీది అదైతే ఎక్కడ దాచాలి అనేది రెండో ప్రశ్న. లోపలేముందో, సూక్ష్మజీవులు లేవో తెలియని దాన్ని ఏ ఫ్రిజ్ బాగుచెయ్యదు.

సిరంజిల గోల ఒకటి. 100 బలం (మిల్లీలీటరుకి 100 యూనిట్లు) ఉన్న ఇన్సులిన్‌ని 40 బలం మందు కోసం చేసిన, మిల్లీలీటరుకి 40 గీతలుండే సిరంజితో తీసి 20 దగ్గర ఆపితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. రెండు రకాల సిరంజిలనీ ఒకే ఇంట్లో ఉంచకండి.

రబ్బరు మూత స్పిరిట్‌తో తుడిచి, ఆరాకే గుచ్చాలి. సూది ప్రతిసారీ కొత్తది. మళ్లీ కావాలి కదా అని సూదిని మూతలోనే వదిలేసేవాళ్లని చూశాను, అది సూక్ష్మజీవులకి తలుపు తీసి పెట్టడమే. సీసా మొదటిసారి గుచ్చిన తేదీ దానిమీదే రాయండి, ఆ పని ఇప్పుడు మా అమ్మే చేస్తుంది, నా చేతిరాత మీద నమ్మకం లేదట. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, ముప్పాతిక నిండగానే మూత బిగించి.

ఇక మీ సీసా. కలిపినదైతే బయటికి తీసి చూడక్కర్లేదు, తేటగా ఉన్నా సరే, పక్కన పెట్టేసి కొత్తది తెచ్చుకోండి. ఈ రెండు రోజుల్లో అందులోంచి ఏమైనా వేసుకుని ఉంటే, ఎంత వేసుకున్నారో డాక్టరుకి ఈరోజే చెప్పండి.