‘నువ్వే చెప్పమ్మా, రాసుకుంటా’

మా పాప ఐదో తరగతి. తెలుగులో ‘నీ అభిప్రాయం రాయి’ అన్న ప్రశ్న వస్తే చాలు గైడు తీస్తుంది, లేదంటే ‘నువ్వే చెప్పమ్మా, రాసుకుంటా’ అంటుంది. సొంతంగా రాయమని పోరితే మొన్న ‘ఇంట్లో నాకు నచ్చనిది’ అని వాళ్ల తాతయ్య టీవీ గోల గురించి రాసింది. మా అత్తమ్మ చూసి ‘పెద్దవాళ్ల గురించి ఇట్లనా రాసేది’ అనేసరికి టెన్షన్‌లో ఆ పేజీ చింపేశాను. అప్పటినుంచి పెన్నే పట్టడం లేదు. ఏం చేయాలి?
ఒక తల్లి, హనుమకొండ

రాయమన్నారు, రాసింది, చింపేశారు. ఇక ఆ పిల్లకు అర్థమైందేమిటంటే, అమ్మ అడిగేది అమ్మ అభిప్రాయాన్నే, నా చేతిరాతలో. మరి ‘నువ్వే చెప్పమ్మా’ అనక ఏం చేస్తుంది?

ముందు ఆ పేజీ సంగతి తేల్చండి. ‘చింపడం నా తప్పే’ అని పాపతో ఒక్క మాట అనండి, అదీ మీ అత్తగారు వినేలా. తర్వాత అదే విషయం తాతయ్యకు ఉత్తరంలా రాయించండి. అభిప్రాయం మార్చమనొద్దు, చెప్పే తీరు మాత్రం చూసుకోమనండి. ‘టీవీ గోల’ కాస్తా ‘తాతయ్యా, ఏడు నుంచి ఎనిమిది దాకా సౌండ్ తగ్గిస్తారా, ఎందుకంటే ఎక్కాలు మధ్యలో మర్చిపోతున్నా’ అవుతుంది. మర్యాదకు మర్యాద, కారణానికి కారణం.

ప్రాక్టీస్ అనగానే నోట్‌బుక్ తెరవకండి, అన్నం దగ్గర మొదలెట్టండి. బీరకాయ వారానికి ఎన్నిసార్లు వండాలి, ఆదివారం ట్యూషన్ ఉండాలా, ఇలా తనకు నిజంగా పట్టింపు ఉన్న విషయాలు ఎత్తండి. చెట్లు నరకొచ్చా అని అడిగితే గైడులో మాటే వస్తుంది, దానికి రెండో జవాబు ఎక్కడుంది కనక! తను ఒక మాట అన్నాక ‘ఎందుకు?’ అనండి, ‘నచ్చదు కాబట్టి’ అంటే ‘ఎప్పుడైనా ఏమైంది?’ అనండి, ఆపైన ‘మరి నానమ్మను అడిగితే ఏమంటుంది?’ అనండి. నోటితో చెప్పిందే నాలుగైదు వాక్యాలవుతుంది, పెన్ను అప్పుడివ్వండి, పది నిమిషాలు చాలు. ఒత్తులు, దీర్ఘాలు మర్నాడు చూసుకోవచ్చు, అప్పుడే దిద్దడం మొదలుపెడితే పిల్లలు తప్పు పోని మాటలే ఏరుకుని రాస్తారు. కారణం బాగుంటే ఆ వారం బీరకాయ ఒక్కసారే చేయండి. ఒప్పుకోలేకపోతే మీ కారణం మీరూ చీటీ మీద రాసివ్వండి.

మార్కుల సంగతికొస్తే, తెలుగు వాచకాల్లో ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’ కింద ఇలాంటి ప్రశ్నలు పదో తరగతి దాకా వెంటపడతాయి. 2005 నాటి జాతీయ విద్యా ప్రణాళికా చట్రం కూడా చదువును బట్టీ నుంచి తప్పించాలనే చెప్పింది, అయినా ఆ ‘సొంతమాటలు’ కూడా అచ్చేసి అమ్మడానికి గైడువాళ్లు ఉండనే ఉన్నారు. గైడు అటకెక్కించమని నేననను. పాప రాయడం అయ్యాక తెరిచి, వాళ్లకు తట్టని కారణం తను ఏం రాసిందో వెతకమనండి.