డాక్టరుగారి 214 పేపర్లు

ప్రశ్న: మేడమ్ గారూ, మాకు పెళ్ళయి ఏడేళ్ళు. ఐవీఎఫ్‌కి (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్స) వెళ్దామనుకుంటున్నాం. మేం చూపించుకుంటున్న డాక్టరుగారి గూగుల్ స్కాలర్ పేజీలో 214 పరిశోధన పేపర్లు, 6,300 సైటేషన్లు (వేరేవాళ్ళు తమ పేపర్లలో వాటిని ప్రస్తావించిన సార్లు), హెచ్-ఇండెక్స్ 31 అని ఉంది. మావారు "ఇంకేం కావాలి, కళ్ళు మూసుకుని వెళ్ళిపోవచ్చు" అంటున్నారు. మా ఆడపడుచేమో "పేపర్లు రాసేవాళ్ళకి పేషెంట్లని చూసే తీరికెక్కడిది" అంటోంది. ఎవరి మాట వినాలి?
– ఓ పాఠకురాలు

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండమ్మా. ముప్ఫై ఏళ్ళు మెడికల్ కాలేజీ లైబ్రరీలో కూర్చున్నదాన్ని నేను. ప్రమోషన్ల కాలం వచ్చిందంటే చాలు, "మేడమ్, నా సైటేషన్లు ఓసారి లెక్క కట్టరూ" అంటూ డాక్టర్లు నా బల్ల చుట్టూ మూగేవారు. ఒకాయన పేపర్‌ని ఇంకొకరు ఏకిపారేస్తే, దాన్నీ కలపమన్నారు. కలిపాను. సైటేషన్ లెక్కలో పొగడ్తా తెగడ్తా ఒక్కటే మరి.

మీరు లింకు పంపిన పేజీ మొత్తం చూశాను, ఓ పూట పట్టింది. జాబితా కింది దాకా వచ్చేసరికి వేరుశెనగ ఆకుమచ్చ తెగులు మీద రెండు పేపర్లు కనిపించాయి! ఒకే ఇంటిపేరు, ఒకే పొడి అక్షరాలు ఉన్న వేరెవరివో అయ్యుంటాయి. ఆ పేజీలో పేపర్లని చేర్చేది చాలావరకు కంప్యూటరే. ఎప్పటికప్పుడు చూసి తీసేయకపోతే అవి అలాగే ఉండిపోతాయి.

అసలు సంగతి పేర్ల వరసలో ఉంది. వైద్యం పేపర్లలో మామూలుగా మొదటి పేరు పని చేసినవాళ్ళది, చివరి పేరు దగ్గరుండి నడిపించినవాళ్ళది. మధ్యలో ఉన్నవాళ్ళు ఎంత చేశారో బయటివాళ్ళకి తెలియదు. మీ డాక్టరుగారి పేరు మొదట ఉన్నవి 19, చివర ఉన్నవి 40. మిగతావన్నీ మధ్యలోవే. 6,300 సైటేషన్లలో 4,000 పైచిలుకు మూడంటే మూడు పేపర్లవి. మాతృ మరణాల మీద ఎన్నో దేశాలవాళ్ళు కలిసి రాసిన ఆ పేపర్లకి వందకు పైగా రచయితలున్నారు. సైటేషన్లని వాటాలు వేసి పంచరు, అందరి ఖాతాలోనూ మొత్తం పడుతుంది. అది ఆయన తప్పేం కాదు.

హెచ్-ఇండెక్స్ అంటారా, 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టిన కొలత. ఒకరి ఐదు పేపర్లకి 40, 22, 9, 4, 3 సైటేషన్లు వచ్చాయనుకోండి. కనీసం నాలుగేసి వచ్చినవి నాలుగున్నాయి కాబట్టి ఇండెక్స్ 4. ఆ 40 కాస్తా 4,000 అయినా 4 దాటదు. అలాగని పేపర్లు రాయడం మానేసి ఇంట్లో కూర్చున్నా తగ్గదు.

మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ పుట్టిన కబురుని 1978లో ఆ చికిత్స చేసిన స్టెప్టో, ఎడ్వర్డ్స్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఓ చిన్న ఉత్తరంగా రాశారు. పేపర్ల లెక్కలో అదీ ఒకటే. ప్రయోగశాలలో ఆ పిండాన్ని కనిపెట్టుకుని ఉన్న జీన్ పర్డీ పేరు అందులో లేనే లేదు. నాకు ఇప్పటికీ కోపమే.

ఇంకో కథ దీనికి తలకిందులు. గర్భసంచికి బయట, అండనాళంలో నిలిచిన గర్భాన్ని తీసి గర్భసంచిలో పెడితే బిడ్డ పుట్టిందని 1994లో బ్రిటన్‌లోని ఒక పేరున్న ప్రసూతి వైద్య జర్నల్‌లో పేపర్ వచ్చింది. విచారిస్తే అలాంటి పేషెంటే లేదు. సహరచయితగా పేరున్నాయన ఎవరనుకున్నారు? ఆ జర్నల్ ఎడిటరే! అక్కడి ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ అధ్యక్షుడు కూడా. చివరికి పదవి వదులుకోవాల్సి వచ్చింది. అందుకే పెద్ద పేరు చూడగానే నేను బోల్తా పడను.

మీ డాక్టరుగారివి తప్పులు తేలి జర్నల్ వెనక్కి తీసుకున్న పేపర్లేమైనా ఉన్నాయేమోనని పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల జాబితాలో వెతికాను, ఏవీ కనిపించలేదు. మొదటి పేరుతో రాసిన 19లో 12 గర్భిణుల్లో షుగరు మీదే. ఐవీఎఫ్ మీద రెండే. అంటే గర్భం నిలిచాక షుగరు వస్తే ఆయన దగ్గర ధైర్యంగా ఉండొచ్చేమో గానీ, నిలబెట్టడంలో ఎంత చెయ్యి తిరిగినవారో ఈ పేజీ చెప్పదు. అది క్లినిక్‌నే అడగాలి. మీ వయసువాళ్ళలో మొదలుపెట్టిన ప్రతి వంద సైకిళ్ళకి (సైకిల్ అంటే ఒక విడత ఐవీఎఫ్ చికిత్స) ఎంతమంది బిడ్డని ఎత్తుకుని ఇంటికెళ్ళారు అని అడగండి. టెస్టు పాజిటివ్ వచ్చినవాళ్ళ లెక్క చెబితే ఒప్పుకోకండి, అది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ఒకేసారి ఎన్ని పిండాలు పెడతారో కూడా అడగండి. కవలలు ముద్దే గానీ, నెలలు నిండకుండా కాన్పయ్యే భయం ఎక్కువ.

వెళ్ళినప్పుడు ఆ వేరుశెనగ పేపర్ల సంగతి ఆయన చెవిన వేయండి. పాపం, ఆయన చూసుకుని ఉండరు.