చెంపలకు ఫిల్లర్ వేయించాక కళ్ళ కింద ఉబ్బు: నాకు జరిగింది చెప్తాను

మీరు చెప్పింది ఇదీ: చెంపలకు రెండు వైపులా కలిపి 2 ఎంఎల్ ఫిల్లర్ (చెంప నిండుగా కనబడటానికి సూదితో ఎక్కించే మందు) వేయించుకున్నారు, మూడు వారాలైంది, పొద్దున లేవగానే కళ్ళ కింద సంచుల్లా ఉబ్బుతోంది, సాయంత్రానికి కాస్త తగ్గుతోంది. క్లినిక్ వాళ్ళేమో మసాజ్ చేసుకోమంటున్నారు, కావాలంటే కళ్ళ కింద ఇంకో అర ఎంఎల్ వేస్తే ఉబ్బుకీ చెంపకీ మధ్య గీత కనబడదంటున్నారు. ముందు ఒక్క మాట. ఆ అర ఎంఎల్ మాత్రం వేయించుకోకండి. మిగతాది తీరిగ్గా చదవండి.

నేను డాక్టర్ని కాదు. సికింద్రాబాద్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తాను, 43 ఏళ్ళు. కిందటేడు ఫిబ్రవరిలో అక్క కూతురి పెళ్ళి, ఫొటోల్లో చెంపలు జారినట్టు కనబడుతున్నాయని జనవరి మొదట్లో వెళ్ళి వేయించుకున్నాను. క్లినిక్ పేరు అడగకండి, చెప్పను. మొదటి నాలుగు వారాలు నిజంగా బాగుంది, అద్దంలో చూసుకుని మురిసిపోయాను కూడా. ఐదో వారంలో మొదలైంది. పెళ్ళిరోజు పొద్దున్నే ఒక పిన్ని నా మొహం చూసి "పిల్ల వెళ్ళిపోతోందని ఇప్పటినుంచే ఏడుస్తున్నావా" అని దగ్గరికి తీసుకుంది. అప్పటికి జీలకర్ర బెల్లం కూడా కాలేదు, అప్పగింతల మాట దేవుడెరుగు.

సూది గుచ్చినందుకు వచ్చే వాపు వేరు. అది మొదటి రెండు మూడు రోజులు ఎక్కువగా ఉండి, రెండు వారాల్లోపు దిగిపోతుంది. కమిలిన మచ్చలూ అంతే. మీకు మూడు వారాలు దాటినా పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ అంటే అక్కడ నీరు నిలుస్తోందని. చెంపలకు ఎక్కువగా వేసే ఫిల్లర్ హైలురోనిక్ యాసిడ్, నీటిని పట్టి ఉంచడమే దాని గుణం, ఆ గుణం వల్లే చెంప నిండుగా కనబడుతుంది. (1934లో కార్ల్ మేయర్ అనే శాస్త్రవేత్త వాళ్ళు దాన్ని మొదట వేరుచేసింది ఆవు కంట్లోంచేనట. ఇప్పుడు అది మన కళ్ళనే సతాయిస్తోంది.)

మరి చెంపలో వేస్తే కంటి కింద ఎందుకు ఉబ్బాలి? నాకూ అర్థం కాలేదు, తర్వాత చూపించుకున్న రెండో డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించాక అర్థమైంది. కంటి గూడు ఎముక అంచు నుంచి చెంప చర్మం దాకా సన్నటి పొర ఒకటి ఉంటుంది, మేలార్ సెప్టమ్ అంటారు, పెస్సా, గార్జా అనే ఇద్దరు 1997లో దాని గురించి రాశారు. కంటికి దెబ్బ తగిలినప్పుడు నల్లగా కమిలింది చెంప మీదకి దిగి ఒక గీత దగ్గర ఆగిపోతుంది చూడండి, అక్కడ ఆపేది ఈ పొరే. మన పొలం గట్టు లాంటిది. ఆ గట్టుకి పైన, చర్మానికి దగ్గరగా ఫిల్లర్ పడితే నీరు బయటికి పోయే సన్నటి లింఫ్ దారులు నొక్కుకుపోతాయి, ఫిల్లర్ కూడా తన వంతు నీరు పీలుస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు చెంపకి ఎముక మీద లోతుగా వేస్తారు. నాకు అలా పడలేదు. హైదరాబాద్ వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే వాననీళ్ళు పోయే నాలా మీద ఇల్లు కట్టేశారు, కాలనీ మునిగింది.

అయితే ఫిల్లర్‌దే తప్పని ముందే తేల్చేయకండి. మా అత్తయ్య నన్ను చూడగానే "మొహం నీరు పట్టింది, కిడ్నీలు చూపించుకో" అన్నారు, నాకు చిరాకేసింది, తీరా డాక్టరమ్మ కూడా మొదట రాసింది టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి), క్రియాటినిన్ (కిడ్నీకి), మూత్ర పరీక్ష. అన్నీ నార్మల్. థైరాయిడ్ తక్కువైనా, కిడ్నీ సరిగ్గా పనిచేయకపోయినా, సైనస్ అలర్జీ ఉన్నా కళ్ళ కింద ఉబ్బుతుంది కాబట్టి ఆ చిన్న పరీక్షలు చేయించుకోండి. ఇంకోటి, వయసుతో వచ్చే కొవ్వు సంచులు. అవి పొద్దునా సాయంత్రం ఒకేలా ఉంటాయి, తల కదపకుండా కళ్ళు మాత్రం పైకెత్తి చూస్తే ఇంకా పొడుచుకొస్తాయి. నీటి ఉబ్బు కళ్ళు పైకెత్తినా పెద్దగా మారదు, రోజులో మాత్రం మారుతుంది. ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో పొద్దున ఏడింటికీ రాత్రి ఏడింటికీ ఒక వారం ఫొటోలు తీయండి. ఫిల్లర్‌కి ముందు తీసిన పాత ఫొటో కూడా పక్కన పెట్టుకోండి, కొంతమందికి ఈ ఉబ్బు కొద్దిగా ముందే ఉంటుంది, ఫిల్లర్‌తో బయటపడుతుంది. నేను నా పాత ఫొటోలు వెతికితే కాన్పు తర్వాతి వాటిలో అది లీలగా కనబడింది. అసలు నాలాంటి మొహానికి వేసేముందే ఆలోచించాల్సింది. ఆ మాట ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

ఇంట్లో చేసినవాటిలో ఏది పనిచేసిందంటే, రెండు దిండ్లు పెట్టుకుని తల ఎత్తుగా పడుకోవడం, రాత్రి భోజనంలో ఉప్పు తగ్గించడం. ఇవి కొంచెం తేడా చూపించాయి, అంతే. మే నెలలో కొత్తావకాయ కలిపిన రోజు రాత్రి ముద్ద మీద ముద్ద లాగించాను, మర్నాడు లేచేసరికి కళ్ళు సగమే తెరుచుకున్నాయి, మా అబ్బాయి "అమ్మా, తేనెటీగ కుట్టిందా" అన్నాడు. ఐస్ మొదటి రెండు రోజుల వాపుకి, గుడ్డలో చుట్టి పెట్టుకుంటే మంచిదే, ఆ తర్వాత దానితో ఒరిగేదేం లేదు. ఐ క్రీములు, కాఫీ పొడి పట్టు, రాయి రోలరు, వీటి మీద ఎనిమిది వేల దాకా తగలేశాను. అలర్జీ మాత్ర సిట్రిజిన్ వేసుకుంటే నిద్రొచ్చింది, ఉబ్బు తగ్గలేదు. ఒంట్లో నీరు తీసే మాత్రలు మాత్రం ఎవరో చెప్పారని సొంతంగా వేసుకోకండి, పొటాషియం తారుమారైతే కొత్త తలనొప్పి. మసాజ్ అన్నారు కదా, నేనూ రోజూ గట్టిగా రుద్దాను. రెండో డాక్టరమ్మ విని తల పట్టుకుంది, రుద్దుడికి వాపు పెరుగుతుంది తప్ప తగ్గదట.

ఏప్రిల్‌లో పంటికి రూట్ కెనాల్ చేయించుకున్నాను. ఆ వారం ఎడమ వైపు ఇంకా ఉబ్బింది. పంటి పని తర్వాత, వైరల్ జ్వరాల తర్వాత ఎప్పుడో వేసిన ఫిల్లర్ కూడా వాచే అవకాశం ఉందట. ఆ సంగతి ముందే తెలిస్తే సగం టెన్షన్ తప్పేది. మీకు పంటి పని ఏదైనా ఉంటే ఫిల్లర్ ఉందని దంతవైద్యులకి చెప్పండి.

ఏడాదికల్లా దానంతటదే కరిగిపోతుంది, ఓపిక పట్టండి అని నాకూ చెప్పారు. ఆ మాట నమ్మి నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. మొహానికి ఎమ్మారై తీస్తే ఎప్పుడో ఏళ్ళ కిందట వేసిన ఫిల్లర్ ఇంకా కనబడినవాళ్ళు ఉన్నారు, కంటి దగ్గర మరీ ఎక్కువ కాలం ఉంటుంది. కాబట్టి "ఆగండి" అన్నవాళ్ళని ఎంతకాలం అని అడగండి.

ఇప్పుడు అసలు పని. మీకు వేసిన సిరంజి డబ్బా మీద బ్రాండు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది, అది మీ కేస్ షీట్‌లో అంటించి ఉండాలి. వెళ్ళి దాని ఫొటో తెచ్చుకోండి. ఇవ్వడానికి నసిగితే నోటితో కాదు, ఈమెయిల్ పెట్టి అడగండి. నేను మూడుసార్లు తిరగాల్సొచ్చింది. ఇది ఎందుకంటే జువెడర్మ్, రెస్టిలేన్ లాంటివి హైలురోనిక్ యాసిడ్, వాటిని కరిగించే మందు ఉంది. రేడియెస్ లాంటిది కాల్షియంతో చేసింది, ఆ మందు దాని మీద పనిచేయదు.

ఆ మందు పేరు హైలురోనిడేజ్. పేరు వింటే మాకు ఇక్కడ చెరువులు, నాలాల మీద ఆక్రమణలు కూల్చే హైడ్రా వాళ్ళ బుల్డోజర్లు గుర్తొస్తాయి, పని కూడా అదే, నాలా మీద కట్టిన ఇంటిని కూల్చేయడం. నేను జూన్‌లో వేయించుకున్నాను, ఈసారి కంటి రెప్పల ప్లాస్టిక్ సర్జరీ చేసే డాక్టర్ దగ్గర. ఆవిడ ముందు అల్ట్రాసౌండ్ పెట్టి చూపించింది, నల్లటి చిన్న నీటి మడుగుల్లా ఉంది ఫిల్లర్, చర్మం కిందే, ఎముకకి ఎంతో దూరంలో. తర్వాత ముంజేతి మీద చిన్న చుక్క ఎక్కించి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టింది, అలర్జీ వస్తుందేమో చూడటానికి. తేనెటీగ, కందిరీగ కుడితే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చే మనిషైతే ఆ మాట తప్పకుండా చెప్పాలి, ఆ విషంలో కూడా ఇలాంటి ఎంజైమే ఉంటుంది. మందు మంట పుట్టించింది, కానీ ఓర్చుకోగలిగినంతే. ఆ రోజంతా ఇంకా వాచింది, ఏడుపొచ్చింది. రెండో రోజు పొద్దున లేచి అద్దం చూస్తే సగానికి పైగా దిగిపోయింది. మిగిలింది రెండు వారాల తర్వాత ఇంకొంచెం వేసి కరిగించారు.

దీనికీ ఓ ధర ఉంది. ఉబ్బుతో పాటు చెంప నిండుదనం కూడా పోయింది, ఒక నెల పాటు మొహం పీక్కుపోయినట్టు అనిపించింది, 60 వేలకి పైగా పోసి కొన్నది నీళ్ళపాలైంది, కరిగించడానికి మళ్ళీ వేరే డబ్బు. ఆ మందు మన ఒంట్లో సొంతంగా ఉండే హైలురోనిక్ యాసిడ్‌ని కూడా కొంత తినేస్తుందని భయపడ్డాను, అది శరీరం మళ్ళీ త్వరగానే తయారు చేసుకుంటుందని ఆవిడ చెప్పింది, నా విషయంలో అలాగే జరిగింది. మళ్ళీ ఫిల్లర్ పెట్టించుకోలేదు. అవకాశం ఇస్తే లోతుగా, కొంచెమే వేయించుకుంటానేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది, ఇంట్లో మాత్రం అనకండి.

భయపెట్టాలని కాదు గానీ ఇవి వేరే సంగతి: ఫిల్లర్ వేసిన రోజుల్లో విపరీతమైన నొప్పి, చర్మం ఒక్కసారిగా తెల్లబడటం లేక వల అల్లినట్టు నీలం మచ్చలు రావడం, చూపు మసకబారడం. ఇవి రక్తనాళం మూసుకుపోయిన గుర్తులు, రేపు పొద్దున చూద్దాం అనుకోకుండా ఆ గంటలోనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉండి జ్వరం వస్తే ఇన్ఫెక్షన్ కావచ్చు, అప్పుడూ ఆగొద్దు.

మీరు రాసినదాంట్లో అవేవీ లేవు కాబట్టి కంగారు పడకండి. మీ స్థానంలో నేనుంటే ఈ వారం ఫొటోలు తీస్తాను, రక్త పరీక్ష చేయించుకుంటాను, స్టిక్కర్ తెచ్చుకుంటాను, ఇంకో వారం పది రోజులకి కూడా తగ్గకపోతే వేసినవాళ్ళ దగ్గరికి కాకుండా ఆక్యులోప్లాస్టీ (కంటి రెప్పల ప్లాస్టిక్ సర్జరీ) డాక్టర్ దగ్గరికి వెళ్తాను. కరిగిస్తారా అని మొహమాటం లేకుండా అడుగుతాను. స్టిక్కర్ మీద ఏముందో తెలిశాక ఇక్కడే రాయండి, కాల్షియం రకం అయితే దానికి నా దగ్గర సలహా లేదు, అది వేయించుకున్నవాళ్ళు ఎవరైనా చెప్పాలి.