మెకానికల్ చదివే అమ్మాయి సాఫ్ట్‌వేర్ అంటోంది, ఆలస్యమైపోయిందా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది. ఫ్యాక్టరీ యంత్రాలను సాఫ్ట్‌వేర్ సర్వీసులుగా కలిపే పని నేర్చుకుంటానంటోంది. నేనేమో ఆరు నెలల క్లౌడ్, మైక్రోసర్వీసుల కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. రెండింట్లో ఏది మేలు? ఇప్పటికే ఆలస్యం చేశామేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు అడిగింది రెండు దారుల్లో ఏది మేలని. నాకు వినిపించింది మాత్రం "మెకానికల్‌లో చేర్చి తప్పు చేశానా?" అని. ఈ ప్రశ్న నా దగ్గరికి రకరకాల వేషాల్లో వస్తూనే ఉంటుంది. తప్పేమీ చేయలేదండీ. ఆలస్యమూ కాలేదు.

ఫ్యాక్టరీలో చాలా యంత్రాలను నడిపేది పీఎల్‌సీ అనే కంట్రోలర్. పాత పద్ధతిలో ఒక యంత్రం ప్రోగ్రాములో పక్క యంత్రాల వివరాలన్నీ ఇరికించి ఉంటాయి. ఒక్కదాన్ని మారిస్తే మిగతావాటి ప్రోగ్రాములూ కదపాలి. సర్వీసుల పద్ధతిలో ప్రతి యంత్రమూ తాను చేయగల పనిని మాత్రమే బయటికి చెబుతుంది: రంధ్రం వేస్తాను, ఉష్ణోగ్రత చెబుతాను, ముక్కను పట్టుకుంటాను. అడిగేవాళ్లకు దాని లోపలి సంగతులు అక్కర్లేదు.

ఇది నిన్న పుట్టిన ఆలోచన కాదు. 2006లో మొదలైన సోక్రడీస్ అనే యూరప్ పరిశోధన ప్రాజెక్టు వెబ్ సర్వీసులను నేరుగా ఫ్యాక్టరీ పరికరాల్లోకి దించాలని చూసింది. ఆ సర్వీసులు అప్పట్లో వాడిన ఎక్స్‌ఎంఎల్ సందేశాలు, అంటే పొడవాటి అక్షరాల రూపంలో ఉండేవి, చిన్న కంట్రోలర్లకు పెద్ద బరువు. పరిశ్రమలో బాగా నిలదొక్కుకున్నది ఓపీసీ యూఏ, అంటే యంత్రాలూ ప్రోగ్రాములూ సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఉమ్మడి పద్ధతి. అదిప్పుడు ఐఈసీ 62541 అనే అంతర్జాతీయ ప్రమాణం. అయినా మిల్లీసెకన్ల లెక్కన యంత్రాన్ని కదిలించే పని సాధారణంగా ఇప్పటికీ పీఎల్‌సీదే, సర్వీసులు దానికి పైఅంతస్తులో ఉంటాయి. ఎమర్జెన్సీ స్టాప్‌ను మామూలు సర్వీసు చేతిలో పెట్టే ఇంజినీరును నేనైతే పనిలో ఉంచను.

ఇక మీరు చెప్పిన కోర్సు. మైక్రోసర్వీసులంటే పెద్ద ప్రోగ్రామును చిన్న చిన్న సర్వీసులుగా విడగొట్టడం. వాటి మీద నాకు పగేమీ లేదు, ఆరు నెలల్లో అన్నీ వచ్చేస్తాయనే మాట మీదే అనుమానం. వెబ్‌లో జవాబు రాకపోతే మళ్లీ అడుగుతారు. ఫ్యాక్టరీలో "రంధ్రం వేయి" అని పంపాక జవాబు రాలేదనుకోండి. పని జరిగి జవాబే దారిలో పోయిందా, అసలు పనే జరగలేదా? మళ్లీ పంపితే వేసిన రంధ్రంలోకే డ్రిల్లు దిగొచ్చు. వెబ్ వాళ్లకూ ఈ చిక్కు తెలుసు. ప్రతి ఆర్డరుకూ ఒక నంబరిచ్చి, అదే నంబరు రెండోసారి వస్తే వదిలేస్తారు. కానీ మధ్యలో కరెంటు పోయి, డ్రిల్లు సగం లోతులో ఆగిపోతే ఏ నంబరు కాపాడుతుంది? డేటాబేస్‌లో రాసింది చెరిపేయొచ్చు, కోసిన లోహాన్ని అతికించలేం. ముందు డ్రిల్లు బిట్‌ను పైకి తీయాలా, పట్టు వదలాలా, ముక్కను పారేయాలా అన్నది యంత్రం తెలిసినవాళ్లే చెప్పాలి. నేను చూసిన కోర్సుల్లో సెన్సర్లంటే ఒక ప్రోగ్రాము పుట్టించే అంకెలు. అవి ఎప్పుడూ మొరాయించవు. రంగురంగుల డ్యాష్‌బోర్డు వస్తుంది, దాంతోపాటు సర్టిఫికెట్టు.

"స్మార్ట్ ఫ్యాక్టరీ" మోజు మీదా నాకు అనుమానాలున్నాయి, అమ్మాయికీ చెప్పండి. ఒక పీఎల్‌సీ చక్కగా చేసే పనిని ఇరవై సర్వీసులుగా ముక్కలు చేస్తే, లైను అర్ధరాత్రి ఆగినప్పుడు తప్పెక్కడుందో వెతకడానికే తెల్లారిపోతుంది. పైగా యంత్రాలను ఫోన్లలా రెండేళ్లకోసారి మార్చరు. 1979 నాటి మోడ్‌బస్ భాషలో మాట్లాడేవి ఇంకా పనిచేస్తున్నాయి. పాతవాటికీ కొత్తవాటికీ మధ్య దుబాసీ ప్రోగ్రాములు రాయడం ఈ ఉద్యోగంలో పెద్ద భాగం. చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు.

పోలిక అడిగారు కదా: క్లౌడ్‌లో ఖాళీలు ఎక్కువ, ఉద్యోగం మారడమూ తేలిక. ఫ్యాక్టరీ వైపు ఖాళీలు తక్కువ, కొత్త లైను మొదలుపెట్టే రోజుల్లో యంత్రం పక్కనే గడపాలి. కానీ క్లౌడ్ వైపు మీ అమ్మాయి మొదటి మెట్టు మీద నిలబడుతుంది, ఇటువైపు మూడేళ్ల చదువు ఆమెకు పెట్టుబడి. మీరు దాన్ని చెత్తబుట్టలో వేయమంటున్నారు. మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించాను గానీ, అందులో బంధువుల పిల్లల ఉద్యోగాల గురించి ఒక పేజీ ఉంది. అమ్మాయికి ఇది ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం లేదు. అడగలేదా?

పీఎల్‌సీ ప్రోగ్రాములు రాయడానికి ఐఈసీ 61131-3 ప్రమాణంలో ఉన్న భాషల్లో ల్యాడర్, స్ట్రక్చర్డ్ టెక్స్ట్ ముందు పట్టుకోమనండి. తర్వాత పైథానో సీనో ఒకటి, దాంతో ఓపీసీ యూఏ. ఓపెన్ సోర్స్‌లో ఓపీసీ యూఏకు ఓపెన్62541, కంట్రోలర్ ప్రోగ్రాములకు 4డయాక్ ఉచితంగా దొరుకుతాయి. చివరి ఏడాది ప్రాజెక్టుకు రెండు చిన్న కంట్రోలర్ల మధ్య ఒక పని పంచి, సరిగ్గా మధ్యలో నెట్‌వర్క్ వైరు పీకి, ఏం జరిగిందో, ఎలా సర్దుకుందో రాసిపెట్టమనండి. ఇంటర్వ్యూలో ఆ నాలుగు పేజీలు పనికొస్తాయి. కోర్సు ఫీజు కట్టేముందు ఆ సంస్థ వాళ్లనూ వైరు పీకి చూపించమనండి.

ఇంకేమైనా సందేహాలుంటే తర్వాతి ఉత్తరం అమ్మాయిని రాయమనండి.