ఇవ్వనన్నది ఏ తేదీన?

ప్రశ్న: మా నాన్నగారి పాత రోలీఫ్లెక్స్ కెమెరా షట్టర్ బిగుసుకుపోతే, ఆయన పోయాక ఐదేళ్ల కిందట రిపేరుకిచ్చాను. రసీదు తీసుకోలేదు. పార్టులు దొరకడం లేదంటూ తిప్పించుకున్న రిపేరరు, చివరికి తన డబ్బు ఇవ్వలేదు కాబట్టి కెమెరా ఇవ్వనని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. అది జరిగి మూడేళ్లు కావస్తోంది. కెమెరా ఇప్పటికీ అతని బీరువాలో కనిపిస్తోంది. దొంగతనం కేసు పెట్టవచ్చా? లేదా మా స్నేహితుడు చెప్పినట్టు, అతను లేనప్పుడు వెళ్లి తెచ్చేసుకోవచ్చా?

జవాబు: నాన్నగారు కెమెరా మెడలో వేసుకుని, తల వంచి పైనున్న గాజులోకి చూస్తూ ఫొటోలు తీసేవారని మీ ఉత్తరంలో మూడు పేజీలు రాశారు. కేసును తేల్చేది మాత్రం అతను 'ఇవ్వను' అన్న రోజు. ఆ తేదీ ఒక్కటీ రాయలేదు. పంపిన స్క్రీన్‌షాట్‌లోనూ తేదీ ఉన్న పై భాగం కత్తిరించేశారు!

నమ్మి అప్పగించిన వస్తువును రాబట్టుకునే దావాకు లిమిటేషన్ చట్టం 70వ ఆర్టికల్ ప్రకారం గడువు మూడేళ్లు. అది మీరు కెమెరా ఇచ్చిన రోజు నుంచి కాదు, అడిగితే ఇవ్వనన్న రోజు నుంచి నడుస్తుంది. 'పార్టులు రాలేదు, వచ్చే నెల రండి' అన్నన్నాళ్లూ అది నిరాకరణ కాదు. 'ఇవ్వను' అన్న మెసేజ్‌తో లెక్క మొదలైంది. ఇప్పుడు కొత్తగా నోటీసు ఇచ్చి, మళ్లీ కాదనిపించుకుంటే గడువు కొత్తగా మొదలవుతుందనుకోకండి.

దొంగతనం కేసు నిలవదు. మీ చేతులతో మీరే ఇచ్చారని మీ చాటే చెబుతుంది. ఇక స్నేహితుడి సలహా మరీ ప్రమాదం. సొంత వస్తువును దొంగిలించడం ఏమిటని మీకు అనిపించవచ్చు. దొంగతనాన్ని నిర్వచించే భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోనే రిపేరుకిచ్చిన వాచీ ఉదాహరణ ఉంది. బాకీ కోసం రిపేరరు న్యాయంగా పట్టి ఉంచిన వాచీని, ఆ హామీ అతనికి దక్కకుండా చేయాలని యజమాని పట్టుకుపోతే అది దొంగతనమే. వాచీ స్థానంలో కెమెరా పెట్టి చదువుకోండి. ఆ స్నేహితుడు కోర్టు బోనులో మీ పక్కన నిలబడడు.

అసలు డబ్బు బాకీ ఉన్నారా? కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ పని చేసిన రిపేరరుకే వస్తువును పట్టి ఉంచే హక్కు ఇస్తుంది. షట్టర్‌ను 1 సెకను దగ్గర పెట్టి నొక్కితే ఇంకా తెరుచుకునే ఉండిపోతుంటే ఏం పని చేసినట్టు? అయినా ఈ పేచీ వద్దనుకుంటే, 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని రాసి, ఆ డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. అతని సాకు పోతుంది.

రసీదు లేకపోవడం మీ అజాగ్రత్తే. బాడీ మీది నంబరు, లెన్స్ అంచున చెక్కిన నంబరు కనిపించే పాత ఫొటో కోసం ఇల్లంతా వెతకండి. నాన్నగారి 6×6 సెం.మీ. నెగెటివ్‌లు పారేయకండి. ఫిల్మ్ ఆనుకునే చట్రంలో చిన్న నొక్కు ఉంటే ప్రతి ఫ్రేము అంచునా అదే ఆకారం పడుతుంది. నంబరు దొరక్కపోతే ఇదీ ఒక ఆసరా. చాట్ ఉన్న ఫోన్ మార్చకండి, అమ్మకండి. మెసేజ్‌ల కాపీలు సాక్ష్యంగా చెల్లాలంటే, అవి అసలైనవేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి.

వినియోగదారుల కమిషన్‌కు గడువు రెండేళ్లే, అది దాటిపోయింది. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించవచ్చు గానీ, దాని మీద ఆధారపడను. నిర్దిష్ట ఉపశమన చట్టం 7, 8 సెక్షన్ల కింద సివిల్ కోర్టులో దావా వేయండి. డబ్బుతో పూడని వస్తువు కాబట్టి కెమెరానే ఇప్పించమని అడగండి, మీ మూడు పేజీలు పనికొచ్చేది అక్కడే. దానితోపాటే అతను కెమెరా అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు కోరండి. కెమెరా నాన్నగారిది కాబట్టి, తోబుట్టువులుంటే వారి అంగీకారం రాతలో తీసుకోండి.

ముందు ఈ రోజే చాట్ తెరిచి ఆ మెసేజ్ తేదీ చూడండి. మూడేళ్లకు వారమే మిగిలి ఉంటే నోటీసు కోసం ఆగకుండా నేరుగా దావా వేయించండి.