ఫామ్ మార్చొచ్చా? ముందు ఆ చెయ్యి ఎందుకు లేస్తుందో చెప్పండి

ప్రశ్న: హనుమకొండలో చాలా ఏళ్లుగా పిల్లలకు కుంగ్‌ఫూ నేర్పుతున్నాను. మా మాస్టర్ చెప్పిన ఫామ్స్‌ని, అంటే వరుసగా కూర్చిన కదలికల్ని, ఒక్క అడుగు కూడా మార్చకుండా చెప్పడం నాకు అలవాటు. ఇప్పటి పిల్లలేమో రీల్స్ చూసి గాల్లో తిరిగే కిక్కులు కావాలి, మ్యూజిక్ పెట్టండి సార్ అంటున్నారు. పక్క క్లాసులో అవే నేర్పుతుంటే కొందరు అటు వెళ్లిపోయారు కూడా. నేనూ కొత్తవి కలిపితే మా మాస్టర్‌కి ద్రోహం చేసినట్టు అవుతుందా?
— ఒక శిక్షకుడు, హనుమకొండ

జవాబు: అవ్వదు. ఆ భయం మనసులోంచి తీసేయండి. మీరు కాపాడాలనుకుంటున్న విద్యని ఆ గురువులే ఎన్నోసార్లు మార్చారు. యాంగ్ లూచాన్ చైనాలోని చెన్ గ్రామంలో తాయ్‌చీ అనే యుద్ధ విద్య నేర్చుకుని బయటికి తెస్తే, ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ అందులోని దూకుళ్లు, కాలు నేలకేసి కొట్టడాలు తగ్గించి, మొత్తం ఒకే వేగంతో నెమ్మదిగా సాగేలా చేశాడు. 1956లో చైనా క్రీడా సంఘం అదే యాంగ్ శైలి నుంచి 24 కదలికల చిన్న ఫామ్ కూర్చింది. ఈరోజు ప్రపంచమంతా పార్కుల్లో ఎక్కువగా కనిపించేది అదే. సున్ లూటాంగ్ అయితే షింగ్‌యీ, బగువా అనే వేరే రెండు చైనా యుద్ధ విద్యలు బాగా వంటబట్టాక, యాభై దాటిన వయసులో తాయ్‌చీ నేర్చుకుని తన పేరుతోనే ఒక శైలి నిలబెట్టాడు. కాబట్టి వందల ఏళ్లుగా ఒక్క అడుగూ మారలేదని ఎవరైనా అంటే నమ్మకండి.

అయితే వీళ్లలో ఎవరూ పిల్లలు బోర్ కొడుతోందన్నారని మార్చలేదు. తీసేసే కదలిక దేనికి పనికొస్తుందో తెలిసి తీశారు. నా దృష్టిలో అసలు విషయమంతా ఇక్కడే ఉంది. ఆ 24 కదలికల ఫామ్‌లోనే, మొదట్లో వచ్చే ‘అడవి గుర్రం జూలు పాయ తీయడం’ తీసుకోండి. ఎడమ కాలు ముందుకు పడుతుంది, ఎడమ చెయ్యి ఏటవాలుగా కళ్ల ఎత్తుకి లేస్తుంది, కుడి చెయ్యి తుంటి పక్కకి దిగుతుంది. చూడటానికి అంతే. ఇద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టి చేయిస్తే సంగతి తెలుస్తుంది: దిగే కుడి చెయ్యి ఎదుటివాడి మణికట్టు పట్టి కిందికి లాగుతోంది, ఎడమ కాలు వాడి కాలి వెనక్కి వెళ్లింది, లేచే ముంజెయ్యి వాడి చంక కింద నుంచి ఛాతీకి అడ్డంగా ఆనింది, ఇక నడుము తిప్పితే వాడు వెనక్కి పడిపోతాడు. ఇప్పుడు ఒక పిల్లాడు వీడియోలో అందంగా కనిపించాలని ఆ చేతిని మోచెయ్యి నిటారుగా చాచి తల పైకి లేపాడనుకోండి. చెయ్యి ఛాతీకి ఆనదు, నడుము తిరగదు, ఎదుటివాడు నిలబడే ఉంటాడు. ఏం పోయిందో ఆ పిల్లాడికి తెలియదు. మీకు తెలియాలి, తెలిస్తే వాడితోనే ఇంకొకడి మీద రెండు రకాలుగా చేయించి చూపించండి, మీరు తిట్టాల్సిన అవసరమే రాదు.

పిల్లల సృజన అంతా నేను అక్కడే పెట్టమంటాను. గంట క్లాసులో మొదటి సగం ఫామ్, ఉన్నది ఉన్నట్టు. తర్వాత అందులోంచి ఒకే కదలిక ఇచ్చి, దీన్ని ఇంకెలా వాడొచ్చో జతలుగా కనిపెట్టమనండి. ఒకడు లాగుతాడు, ఒకడు తోస్తాడు, ఒక పాప మీకు ఎప్పుడూ తట్టని దారి చూపిస్తుంది. ఏది పని చేసింది, ఏది చేయలేదు అని వాళ్లే వాదించుకోనివ్వండి. మన ఊళ్లలో తాలీంలో పాత వస్తాదులు కుస్తీ పట్టు చెప్పేది ఇలాగే, పట్టు ఒకటే, వేసే సందర్భాలు వంద. మ్యూజిక్ కూడా పెట్టుకోండి, కాకపోతే అడుగులు కుదిరాకే.

గాల్లో కిక్కులకి నేను వ్యతిరేకం కాదు, మ్యాట్లు ఉంటే, ఒళ్లు బాగా వేడెక్కాక నేర్పండి. కానీ పిల్లలకి ఒక లెక్క చెప్పండి. అంతర్జాతీయ వుషు (కుంగ్‌ఫూకి పోటీ క్రీడా రూపం) పోటీల్లో కష్టమైన విన్యాసాలకు మార్కులుండే తావోలు ఈవెంట్లలో, అంటే ఫామ్ ప్రదర్శించే ఈవెంట్లలో, మొత్తం 10 మార్కులు. కదలికల నాణ్యతకి 5, మొత్తం ప్రదర్శనకి 3, ఆ కష్టమైన విన్యాసాలకి 2. రీల్‌లో కనిపించేది ఆ రెండు మార్కుల సరుకు.

ఇంకొక్క మాట, ఇది నాకు చాలా ముఖ్యం. మీరు సొంతంగా ఒక ఫామ్ కూర్చితే, ఇది నేను కూర్చింది అని క్లాసులోనే చెప్పేయండి. షావోలిన్ నుంచి వచ్చిందని మాత్రం చెప్పకండి. మన పేరిణినే చూడండి. కాకతీయుల కాలం నాటి ఆ నాట్యం మరుగున పడిపోతే, నటరాజ రామకృష్ణ గారు రామప్ప గుడి శిల్పాలు, జాయప సేనాని రాసిన శాస్త్రం పట్టుకుని మళ్లీ నిలబెట్టారు. ఆ సంగతి అందరికీ తెలుసు, దాచిపెట్టలేదు, దానివల్ల పేరిణికి గౌరవం ఏమీ తగ్గలేదు. మీ మాస్టర్ పేరు ఒకవైపు, మీ పేరు ఒకవైపు స్పష్టంగా ఉంటే ద్రోహం అనే మాటే రాదు. వెళ్లిపోయేవాళ్లు కొందరు ఎలాగూ వెళ్తారు, టెన్షన్ పడకండి.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు. కుంగ్‌ఫూ క్లాసులో చాలాసేపు గుర్రపు స్వారీ స్టాన్స్‌లో, అంటే కాళ్లు ఎడం చేసి మోకాళ్లు వంచి, నిలబెడుతున్నారు. ఇంటికొచ్చి మోకాళ్లు నొప్పి అంటోంది. అడిగితే ‘ఇది సంప్రదాయం అమ్మా’ అన్నారు. మాన్పించాలా?
— ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మాబు అనే ఆ స్టాన్స్ నిజంగానే పునాది, దాన్ని వదిలేయమని ఎవరూ చెప్పరు. కానీ తొడల్లో మంట వేరు, మోకాలి నొప్పి వేరు. రేపు క్లాసుకి వెళ్లి పక్కన నిలబడి చూడండి: మోకాళ్లు లోపలికి వాలిపోతున్నాయా, కాలి వేళ్లు చూసే వైపే మోకాలూ చూస్తోందా, నడుము వంగిపోతోందా. ఈ వయసు పిల్లలకి అంత కిందికి కూర్చోవాల్సిన పని లేదు, ఇరవై ముప్పై సెకన్లు నిలబడి, లేచి నాలుగడుగులు నడిచి, మళ్లీ దిగితే చాలు. ఇదే సార్‌తో మర్యాదగా చెప్పి చూడండి. మంచి శిక్షకుడైతే వింటారు. అడిగినందుకే కోపం తెచ్చుకుంటే క్లాసు మార్చండి. నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కి చూపించండి, అప్పటిదాకా క్లాసు ఆపండి.

ప్రశ్న: నాకు మా తాత కర్రసాము నేర్పాడు, కాలేజీలో కుంగ్‌ఫూ కర్ర నేర్చుకుంటున్నా. రెండూ కలిపి ఫెస్ట్‌లో చేస్తే తప్పా?
— ఒక డిగ్రీ విద్యార్థి, మంచిర్యాల

జవాబు: చెయ్యి తమ్ముడూ, నీ దగ్గర ఉన్నంత ఆస్తి చాలామందికి లేదు. ముందు రెండూ విడివిడిగా మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా రావాలి, ఆ తర్వాతే కలుపు. లేకపోతే రెండింట్లోనూ నీకు కష్టమనిపించినవి వదిలేసి తేలికైనవి అతికిస్తావు. మైకులో ‘ప్రాచీన చైనా విద్య’ అని చెప్పకుండా ముందే యాంకర్‌కి చీటీ రాసివ్వు, అందులో మీ తాత పేరు, మాస్టర్ పేరు రెండూ ఉండాలి. వుషు పోటీల్లో కర్ర ఆటగాడి ఎత్తుకంటే తక్కువ ఉండకూడదు, నువ్వూ అదే కొలత పెట్టుకుని దానితోనే ప్రాక్టీస్ చెయ్యి, ఫెస్ట్ రోజు కొత్త కర్ర పట్టుకోకు. ముందు వరుస కుర్చీలు బాగా వెనక్కి జరిపించు.